ఒక్కో గుర్రం నాలుగు వేలు

"లక్షకి ఎన్ని గుర్రాలు వస్తున్నాయి?" ఇదండీ ఇప్పుడు మనవాళ్ళ కొత్త కొలత. కారు కొందామనుకున్న ప్రతి సాఫ్ట్‌వేరు ఇంజనీరు దగ్గరా ఓ ఎక్సెల్ షీటు ఉంటుంది. అందులో ఓ కాలమ్‌లో ధర, ఇంకో కాలమ్‌లో పీయస్సు, మూడో కాలమ్‌లో ఒకదాన్ని ఇంకోదాంతో భాగించిన అంకె. ఏ వరసలో అంకె పెద్దదొస్తే ఆ వరసకి పచ్చరంగు. ఇహ ఆ పచ్చరంగు చూసుకుని, ఇంట్లోవాళ్ళకి చూపించి, టీములో అందరికీ ఫార్వర్డు చేసి, లక్షన్నర ఎక్కువ పెట్టి టర్బో బుక్ చేసేస్తారు. అడిగితే, "అన్నా, లెక్కేశాను, ఇదే చీప్" అంటారు.

నాకు టర్బో మీద కోపం లేదు. ఆ ఎక్సెల్ మీదే నా కోపమంతా.

ఉదాహరణకి హ్యుందాయ్ వెన్యూ తీసుకోండి. 1.2 లీటర్ల మామూలు పెట్రోలు ఇంజను 83 పీయస్. 1 లీటరు టర్బో 120 పీయస్. ధరలు నెలనెలా మారుతుంటాయి కాబట్టి గుండుగుత్తగా అనుకుందాం: మామూలుది 9.6 లక్షలు, టర్బోది 11.1 లక్షలు. ఎక్సెల్ ప్రకారం మొదటిదానికి లక్షకి 8.6 గుర్రాలు, రెండోదానికి 10.8. పచ్చరంగు రెండోదానికే. అయిపోయింది తీర్పు. కానీ మనం కొంటున్నది 120 గుర్రాల్ని కాదు కదా. 83 ఎలాగూ వస్తున్నాయి. పైన వచ్చే 37 గుర్రాలకి లక్షన్నర. అంటే గుర్రం ఒక్కింటికి నాలుగు వేల పైచిలుకు. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న, ఈ 37 గుర్రాలూ మనింటి లాయంలో ఏం చేస్తాయి?

మనమే ఆఫీసులో క్లయింటు వచ్చి "నాకు 32 కోర్ల సర్వరు కావాలి" అంటే ముందు ఏం అడుగుతాం? యుటిలైజేషను ఎంతుంది బాబూ అని అడుగుతాం. ఎనిమిది కోర్ల మెషీను ఇరవై శాతం దగ్గర నిద్రపోతోందని గ్రాఫు చూపిస్తాం. అదే మనిషి షోరూములో కూచోగానే గ్రాఫులన్నీ మర్చిపోతాడు. సరే, ఆ గ్రాఫేదో నేను గీస్తాను.

కారూ, నలుగురు మనుషులూ, డిక్కీలో సామానూ కలిపి 1450 కిలోలు అనుకోండి. బల్లపరుపు రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు ఇంజను రెండిటితో పోరాడాలి: గాలీ, టైర్ల రాపిడీ. గాలికి కావలసిన పవరు వేగం ఘనంతో పెరుగుతుంది, రాపిడికి వేగంతో పాటు పెరుగుతుంది. ఈ సైజు కార్లకి ఉండే మామూలు అంకెలు పెట్టి, గేర్లలో పోయేదానికి పది శాతం, ఏసీకి ఓ రెండు కిలోవాట్లు కలిపి వేస్తే 80 కిలోమీటర్ల వేగానికి దాదాపు 16 పీయస్ చాలు. 100కి ఓ 25. ఔటర్ రింగు రోడ్డు మీద 120లో పోతే 37, 38. అంతే! తప్పు పది శాతం అటూ ఇటూ ఉంటుంది, పోనీ ఇరవై వేసుకోండి. 83 గుర్రాల లాయంలో వందలో పోతున్నప్పుడు కూడా యాభై పైన గుర్రాలు గడ్డి తింటూ నిలబడి ఉన్నాయి. ఆ పక్కన ఇంకో 37 కట్టేయడానికి మీరు ఈఎమ్ఐ కడుతున్నారు.

ఇక బయోడైవర్సిటీ జంక్షను నించి సైబర్ టవర్స్ దాకా సాయంత్రం ఆరున్నరకి ఎన్ని గుర్రాలు కావాలో లెక్కెయ్యడం నాకే సిగ్గుగా ఉంది. అక్కడ ఒక్క ఎద్దు చాలు.

"నువ్వు చెప్పేది బల్లపరుపు రోడ్డు. ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది" అంటారు. తెలుగువాడు కారు కొంటే మొదటి ప్రయాణం తిరుమలకే కాబట్టి ఈ వాదనకి భక్తి బలం కూడా ఉంది. సరే ఎక్కుదాం. ప్రతి వంద మీటర్లకీ ఆరు మీటర్లు లేచే రోడ్డు, నలభై వేగం, అదే 1450 కిలోలు. బరువు పైకి మోయడానికి తొమ్మిదిన్నర కిలోవాట్లు, మిగతా ఖర్చులూ ఏసీతో సహా మొత్తం 21 పీయస్. ఘాట్ రోడ్డు మీద కూడా నాలుగో వంతే!

మరి చిన్న ఇంజను "లాగట్లేదు" అని అందరూ ఎందుకంటారు? అబద్ధం చెప్పట్లేదు వాళ్ళు, నిజంగానే లాగదు. ఎందుకంటే మూడో గేరులో, 1500 ఆర్పీఎమ్ దగ్గర కూచుని, యాక్సిలరేటరు నేలకి తొక్కి, బండిని తిడుతుంటారు. ఆ 83 పీయస్ వచ్చేది 6000 ఆర్పీఎమ్ దగ్గర. మనవాళ్ళు 2000 దాటగానే "ఇంజను అరుస్తోంది" అని గేరు మార్చేస్తారు (ఇది డ్రైవింగు స్కూల్లో మొదటిరోజే పెట్టిన భయం, చచ్చేదాకా పోదు). జీవితంలో ఒక్కసారి కూడా 4000 చూపించని ఇంజనుకి "పవర్ లేదు" అని సర్టిఫికెట్ ఇవ్వడమేం న్యాయం?

అసలు సంగతి ఇక్కడే ఉంది కాబట్టి ఇంకాస్త లెక్క చూడండి. న్యూటన్ మీటర్లని ఆర్పీఎమ్‌తో గుణించి, ఏడు వేల చిల్లరతో భాగిస్తే పీయస్ వస్తుంది. వెన్యూ టర్బో 1500 ఆర్పీఎమ్ నించే 172 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. అంటే 2000 దగ్గర 49 పీయస్. మామూలు ఇంజను ఆ 2000 దగ్గర వంద న్యూటన్ మీటర్లు ఇస్తుందనుకున్నా 28 పీయసే. ఇదీ తేడా, ఇది నిజమైన తేడా, టెస్ట్ డ్రైవులో వీపు సీటుకి అతుక్కునేది దీనివల్లే. ఇప్పుడు అదే మామూలు ఇంజనుకి రెండు గేర్లు దించి 4000కి తీసుకెళ్ళండి. అక్కడ దాని టార్కు 114. అంటే 65 పీయస్. టర్బో 2000లో ఇచ్చేదానికంటే ఎక్కువ! నిజమే, టర్బోకి కూడా గేరు దించి 4000కి తీసుకెళ్తే 98 ఇస్తుంది. కానీ గేరు దించేవాడైతే మామూలు దాంతోనే పని జరిగిపోతుంది. దించనివాడి కోసమే టర్బో. అంటే లక్షన్నర పెట్టి మనం కొంటున్నది గుర్రాల్ని కాదు, ఎడమ చేతికి విశ్రాంతి.

విశ్రాంతి కొనుక్కోవడం తప్పా? కాదు. నేను కూడా మామిడికాయ కోయించుకునే వస్తాను బజార్లో. కానీ దాని పేరు విశ్రాంతి అని చెప్పి కొనుక్కోండి. "లెక్కేశాను, ఇదే చీప్" అనకండి.

ఇప్పుడు అసలైన వాదనకి వద్దాం. అన్నిటికంటే గట్టిది, నేను తేలిగ్గా తీసిపారెయ్యలేనిదీ ఇదే: ఓవర్‌టేకు. "ఫ్యామిలీతో వెళ్తున్నప్పుడు ఎదురుగా బస్సు వస్తుంటే, ఆ పవరే ప్రాణం కాపాడుతుంది అన్నా". ఇది విన్నాక ఏ భార్యైనా, ఏ మామగారైనా లక్షన్నరకి అడ్డం చెప్తారా? షోరూములో సేల్స్ కుర్రాడికి కూడా ఈ డైలాగు కంఠతా వచ్చు.

లెక్క వేస్తే ఇందులో నిజం ఉంది. నలుగురితో 60 నించి 100కి చేరడానికి, గరిష్ఠ పవరులో సగటున అరవై శాతం వాడుకుంటామనుకుంటే, మామూలు ఇంజనుకి ఓ 13 సెకన్లు, టర్బోకి ఓ 8 సెకన్లు పడుతుంది. ఐదు సెకన్ల తేడా. మీరు 80లో, ఎదురు బండి 80లో వస్తుంటే ఆ ఐదు సెకన్లలో మధ్య దూరం 220 మీటర్లు కరిగిపోతుంది. 220 మీటర్లంటే మాటలు కాదు. ఒప్పుకుంటాను.

కానీ ఆ 220 మీటర్లు నిజంగా మీ దగ్గర మిగులుతాయా? మిగలవు. ఎందుకంటే చిన్న ఇంజనుతో "వద్దులే, తర్వాత చూద్దాం" అని ఆగే చోట, పెద్ద ఇంజనుతో "వచ్చేస్తుందిలే" అని దూకుతాం. మెమరీ పెంచిన కొద్దీ ప్రోగ్రాములు ఎలా ఉబ్బిపోతాయో మనకంటే ఎవరికి బాగా తెలుసు? ఎనిమిది జీబీ ఇస్తే ఎనిమిదీ తింటుంది, పదహారు ఇస్తే పదహారూ తింటుంది. రోడ్డు మీద గ్యాపూ అంతే. పవరుతో కొన్న సెకన్లని ధైర్యంతో ఖర్చుపెట్టేస్తాం, ఎదురు బస్సుకి ఇంతకు ముందు ఎంత దగ్గరగా వెళ్ళామో అంత దగ్గరగానే వెళ్తాం, కాకపోతే ఇంకాస్త ఎక్కువ వేగంతో. 2022లో మన దేశంలో రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో 71 శాతం దాకా అతివేగం పద్దు కిందే రాశారు, కేంద్ర రవాణా శాఖ లెక్కలే ఇవి. పోలీసులు ఏ ప్రమాదానికైనా ముందు అతివేగం అనే రాస్తారని మీరనొచ్చు, అదీ కొంత నిజమే. అయినా "పికప్ సరిపోక" అనే గడి మాత్రం ఆ పట్టికలో లేదు.

ఇంకో సంగతి. ఈ ఎదురు బస్సు మనకి ఎన్నిసార్లు వస్తుంది? హైదరాబాదు నించి విజయవాడ రోడ్డు నాలుగు వరసలై, మధ్యలో డివైడరు వచ్చి పదేళ్ళ పైనే అయింది. ఇటు బెంగళూరు రోడ్డూ అంతే. సంక్రాంతికి మనం ఊరెళ్ళే దారిలో ఎదురొచ్చే బస్సు లేదు (రాంగు రూటులో వచ్చే ట్రాక్టరు ఉంది, దానికి కావలసింది బ్రేకు, టర్బో కాదు). తిరుమలకి ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఇహ మిగిలింది శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక అడవిలో రోడ్డు, మారేడుమిల్లి, అరకు, మన ఊరికి హైవే దిగాక ఉండే పదో ఇరవయ్యో కిలోమీటర్లు. అక్కడ లారీ వెనక చిక్కుకున్నారనుకోండి. మూడు కిలోమీటర్లు దాని వెనకాలే 50లో వెళ్తే పోయేదెంత? 80లో వెళ్ళినదానికంటే 81 సెకన్లు ఎక్కువ. 81 సెకన్లు! రోజూ బిల్డు అవుతుంటే కాఫీ తాగొస్తాం కదా, అందులో పదో వంతు. ఈ 81 సెకన్ల కోసం లక్షన్నర పెట్టి, దానికి "ఫ్యామిలీ సేఫ్టీ" అని పేరు పెట్టడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

సేఫ్టీ అంటే ఆపడం. 80లో ఉన్న కారు గట్టిగా బ్రేకేస్తే ఆగడానికి ఓ 31 మీటర్లు, 100లో ఉంటే 49 మీటర్లు, అదీ బ్రేకు తొక్కిన క్షణం నించి. పెద్ద ఇంజను ఇందులో ఒక్క మీటరు కూడా తగ్గించదు. మంచి టైర్లు తగ్గిస్తాయి. లక్షన్నరలో మూడో వంతు కూడా పెట్టక్కర్లేదు వాటికి. టర్బో కొన్న మిత్రులెవరైనా ఆ కంపెనీ టైర్లు మార్పించారా అని అడిగి చూశాను. "అవే బాగున్నాయిగా" అన్నారు. వెనక సీట్లో పిల్లలకి చైల్డ్ సీటు ఉందా అని కూడా అడిగాను. "వాళ్ళు కూచోరు అన్నా, ఏడుస్తారు." ప్రాణం కాపాడే పవరుట!

ఇక డబ్బు సంగతి. లక్షన్నర అనేది ఎక్స్ షోరూము మాట. మీద జీవితకాల పన్ను, ఇన్సూరెన్సు కలిపితే లక్షా ఎనభై వేలు. తెలంగాణలో పది లక్షల గీత దాటితే పన్ను శాతమే మారిపోతుంది, అదీ మొత్తం ధర మీద. గీతకి ఇవతల ఉన్న కారు కాస్తా టర్బో పుణ్యమా అని అవతలకి దూకితే ఆ తేడా ఇంకాస్త ఎక్కువే. సరే, లక్షా ఎనభై అనే అనుకుందాం. తొమ్మిది శాతం వడ్డీకి ఏడేళ్ళ అప్పు చేస్తే నెలకి 2,900. ఏడేళ్ళకి రెండు లక్షల నలభై మూడు వేలు. గుర్రం ఒక్కింటికి ఆరున్నర వేలయింది చూశారా, నాలుగు వేలు కాస్తా.

దీనికి షోరూము వాళ్ళు చెప్పే ఓదార్పు ఒకటుంది, భలే సరదాగా ఉంటుంది. "సార్, టర్బోకి ఇన్సూరెన్సు తక్కువ సార్". నిజమే! థర్డ్ పార్టీ ప్రీమియం సీసీని బట్టి. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు ఏడాదికి 2,094, దాటితే 3,416. కొత్త కారుకి మూడేళ్ళది ఒకేసారి కట్టాలి: 6,521 ఒకటి, 10,640 ఇంకోటి. 998 సీసీ టర్బో 120 గుర్రాలతో దూసుకుపోతూ తక్కువ కడుతుంది, 1197 సీసీ సాధు జంతువు ఎక్కువ కడుతుంది. జీఎస్టీ కూడా పవరుని చూడదు. 2006 బడ్జెట్లో చిన్నకారు అంటే నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ లోపు అని గీసిన గీత ఇప్పటికీ చెక్కుచెదర్లేదు. 2025 సెప్టెంబరు 22 నించి ఆ గీత లోపల ఉంటే 18 శాతం, బయట 40 శాతం. అందుకే కంపెనీలు చిన్న ఇంజనులోకి గాలి కొట్టి పవరు తీస్తున్నాయి. మన అవసరం కనిపెట్టి కాదు, పన్ను పట్టిక కనిపెట్టి. ఏమైనా మూడేళ్ళకి 4,119 రూపాయలు మిగిలాయని లక్షా ఎనభై వేలు పెట్టే లెక్క మాత్రం ఏ కాలేజీలో చెప్పారో నాకు తెలీదు.

కంపెనీలు చేసే ఇంకో పని గురించి కూడా చెప్పాలి. ఇంజనుని ఇంజనుగా అమ్మరు. మారుతి ఫ్రాంక్స్ చూడండి. గేర్లు కుదుపు లేకుండా మారే ఆరు స్పీడుల ఆటోమేటిక్ కావాలంటే 1 లీటరు టర్బోతోనే తీసుకోవాలి. 1.2 తీసుకుంటే మీకు దొరికేది ఏఎమ్‌టీ. మోకాలు నొప్పితో, ట్రాఫిక్‌లో క్లచ్చి తొక్కలేక ఆటోమేటిక్ అడిగినవాడికి పవరెందుకు? అయినా కొనాల్సిందే. కేబుల్ వాడు ఒక్క తెలుగు సినిమా ఛానెల్ కోసం పదిహేను ఛానెళ్ళ ప్యాకేజీ అంటగట్టినట్టు. కాబట్టి "ఇంజనుకి లక్షన్నర" అని మీరనుకునేదాంట్లో గేర్‌బాక్సెంత, సన్‌రూఫెంత, వెనక అతికించిన బ్యాడ్జీ ఎంత అని విడదీసి చూసుకోవాలి. ఆటోమేటిక్ కోసమే టర్బో తీసుకుంటున్నానని చెప్పేవాడితో నాకు పేచీ లేదు. అతను చేసింది సరైన లెక్క.

ఇంకో ఇద్దరితో కూడా పేచీ లేదు. పాడేరు వైపు ఉద్యోగం చేస్తూ వారానికి రెండుసార్లు ఐదుగురితో ఘాట్ ఎక్కి దిగేవాళ్ళు, రోజూ సింగిల్ రోడ్డు మీద వంద కిలోమీటర్లు తిరిగే మెడికల్ రెప్రజెంటేటివ్ లాంటివాళ్ళు హాయిగా కొనుక్కోవచ్చు. ఏటా రెండుసార్లు కాదు, నెలకి ఇరవై సార్లు గేరు దించాల్సినవాడికి ఆ విశ్రాంతి ఖరీదు వేరు. రెండో మనిషి, "నాకు సరదా, తొక్కితే దూకాలి, అంతే" అనేవాడు. ఆయనకి నా నమస్కారం. ఒక్క ఎక్సెల్ కూడా తెరవకుండా నిజం చెప్పాడు. నాకు చిరాకల్లా సరదాకి సేఫ్టీ ముసుగు, ముసుగు మీద మళ్ళీ ఎక్సెల్ పచ్చరంగు వేసేవాళ్ళతోనే.

అమెరికా నించి సెలవలకి వచ్చే బావగార్లు "ఆ బుల్లి ఇంజనేంట్రా, మా దగ్గర ర్యాంపు ఎక్కితే ఎగిరిపోతావు" అంటారు. అక్కడ ర్యాంపు చివరికి వచ్చేసరికి ఫ్రీవే వేగం అందుకోవాలి, నిజమే. మన ఔటర్ ఎక్కాలంటే ముందు టోల్ బూత్ దగ్గర వరసలో నిలబడాలి బావగారూ.

"అమ్మేటప్పుడు తిరిగొస్తుంది కదా" అని ఒక ఆఖరి మాట. నేను చూసినంతలో పాత కార్ల బేరగాడు అడిగేది ఏ సంవత్సరం, ఎన్ని కిలోమీటర్లు, ఎన్నో ఓనరు, రంగేంటి. గుర్రాల లెక్క అడిగిన బేరగాణ్ణి ఇంతవరకూ చూడలేదు. పైగా పాత టర్బో అంటే "ఆయిలు టైముకి మార్పించారా సార్" అని ఓ అనుమానం చూపు.

ఇంత చెప్పినా మనసాగకపోతే ఓ పని చెయ్యండి. టెస్ట్ డ్రైవుకి ఒక్కరే వెళ్ళకండి. ఒక్కణ్ణే కూచోబెట్టి, ఖాళీ సర్వీసు రోడ్డు మీద తొక్కించి, ఆ తోపుడు చూపించి సంతకం పెట్టించుకోవడమే వాళ్ళ పద్ధతి. అమ్మానాన్నల్నీ, తమ్ముణ్ణీ ఎక్కించుకుని వెళ్ళండి. ఏసీ ఫుల్లు పెట్టి, ముందు టర్బో తోలండి, తర్వాత మామూలుది. ఏదైనా ఫ్లైఓవరు మొదట్లో వేగం ఇరవైకి తగ్గించి, రెండో గేరులోకి దించి, 4000 దాకా వెళ్ళనివ్వండి. ఇంజను అరుస్తుంది, అరవనివ్వండి, వారంటీ ఉంది. పైకెక్కాక వెనక కూచున్న నాన్నగారిని తేడా ఏమైనా తెలిసిందా అని అడగండి. సేల్స్ కుర్రాడు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి ఏదో చెప్పబోతాడు, అతన్ని మాత్రం కాసేపు ఆగమనండి.